అన్నమాట – విన్నమాట

తెలుగులో 'చాలు' అన్నచో ఆపుమని అర్థము. హిందీలో 'చాలూ' అన్నచో నడుచుచున్నదనియో, నడిపింపుమనియో అర్థము. ఈ రెండు మాటలకును నడుమనున్న భేదము చివరి అచ్చులో ఒక్క మాత్ర. యంత్రముల హోరులో ఆ ఒక్క మాత్ర ఎవరికి వినబడును? జంషెడ్‌పురమువంటి కర్మాగారపు పట్టణములో ఒక తెలుగు మేస్త్రీ చేయి ఊపకుండ నోటితో మాత్రమే 'చాలు' అని కేక వేసినచో, ఆవలనున్న హిందీ కార్మికుడు మీట నొక్కుటకే అవకాశము మెండు. బరువులెత్తు యంత్రముల చెంత చేతిసంజ్ఞలను, ఈలలను వాడు ఆచారము ఊరక ఏర్పడినది కాదు. మన 'చెప్పు' వారి చెవికి 'చుప్' అని సోకును. మాటలాడుమన్నది నోరు మూయుమన్నట్లగును. ఇక అతిథిని ఆదరముతో పిలుచు మన 'రండి' ఉత్తరాదివారి చెవిలో ఎట్టి అవాచ్యమై మ్రోగునో అక్కడ బ్రదికిన తెలుగువారందరును ఎరుగుదురు. బజారులో ఆ మాటను పెదవి దాటనీయక, వట్టి చేసైగతో మర్యాద నెరపిన పెద్దలను నేను చూచినాను.

ఈ పట్టణము పుట్టుకతోనే పలుభాషల కూడలి. 1907లో ఏర్పడిన టాటా ఇనుము ఉక్కు కంపెనీ సువర్ణరేఖా, ఖర్కాయీ నదులు కలియు చోటికి చేరువను, సాక్చి గ్రామమున కర్మాగారమును నెలకొల్పినది. 1911 చివర ఇనుమును, 1912లో ఉక్కును తీసినది. 1919 జనవరి 2వ తేదీన వైస్రాయి చెమ్స్‌ఫర్డు ప్రభువు ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టెను. కాలీమాటి రైలుస్టేషను టాటానగరమైనది. హో, సంతాలీ, భూమిజ మాటలాడు ఆ నేలమీదికి బంగాళీ, ఒడియా, హిందీ, పంజాబీ భాషలు వచ్చినట్లే, శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము వైపులనుండి తెలుగును వచ్చినది. వచ్చినవారిలో చాలమందికి పుస్తకమును, పలకయు చెవియే. 'కాలీమాటి' అనగా నల్లమన్ను. కాలి నడకను నమ్ముకొని వచ్చిన తెలుగువానికి అందులో మొదట వినబడునది కాలు. 'బిష్టుపురము'లోని బిష్టు బంగాళీ నోట నలిగిన విష్ణువు. కృష్ణుడు వారికి కేష్టో ఐనట్లే విష్ణువు బిష్టు ఐనాడు. ఆంధ్రభక్త శ్రీరామమందిరమున్నది ఆ బిష్టుపురములోనే. రాముని కొలువవచ్చిన తెలుగువాడు పేటపేరులోని విష్ణువును గుర్తింపక దాటిపోయినాడన్నచో అది వాని భక్తిలోపము కాదు, చెవికి కలిగిన పరాకు.

ఇట్టి పొరపాట్లను మనము సాధారణముగా హాస్యమునకు విడిచిపెట్టుదుము. నాటకములో చెవిటిపాత్ర, విందులో ఒక ఛలోక్తి – అంతటితో సరి. సాహిత్యవిమర్శలో దీనికి చోటు లేదా? ఉన్నదని నా నమ్మకము. పాట చెవినుండి చెవికి దాటునప్పుడు ఏమి నిలుచును, ఏమి జారిపోవును, జారిపోయినచోట ఏమి మొలచును అన్నది కవిత్వమునకు సంబంధింపని ప్రశ్న కాజాలదు. అందునను, తన లిపికి దూరమైన జనము తన పాటను చెవితో మాత్రమే కాపాడుకొనుచున్నప్పుడు, ఆ ప్రశ్న వినోదమునకు మించినది.

ఇంగ్లీషువారు ఈ విషయమునకు ఒక పేరు పెట్టుకొన్నారు. 1954లో సిల్వియా రైట్ అను అమెరికా రచయిత్రి హార్పర్స్ పత్రికలో ఒక వ్యాసము వ్రాసినది. బాల్యమున తల్లి చదివి వినిపించిన స్కాట్లండు వీరగాథలో, చంపబడిన ప్రభువును పచ్చికపై పరుండబెట్టిరన్న పలుకును ఆమె 'లేడీ మాండెగ్రీన్' అను స్త్రీ పేరుగా వినినది. ప్రభువుతోపాటు ప్రాణమిడిన ఆ సాధ్వికై ఎన్నో యేండ్లు కన్నీరు కార్చినది. నిజము తెలిసిన పిదపను ఆ దొరసానిని వదలుకొనుటకు ఆమె ఒప్పుకొనలేదు. మూలమున ఒంటరిగా పడియున్న శవమునకు ఈ చిన్నపిల్ల తోడునిచ్చినది; మూలముకంటె తన వినికిడియే మేలని వాదించినది. నాటినుండి అట్టి పొరపాటునకు 'మాండెగ్రీన్' అని పేరు. వాదములో అతిశయమున్నను ఒక సత్యమున్నది. ఆ పిల్ల అర్థము కొరకు వెదకినది గనుకనే తప్పు వినినది. అర్థము అక్కరలేనివారికి తప్పు వినుటకే వీలులేదు.

మన హైదరాబాదులో మూసారాంబాగు కలదు. నిజాము కొలువున సేనాని యై 1798లో మరణించిన ఫ్రెంచివాడు మస్యే రేమాఁ. ఆ పరదేశి పేరును ఊరివారు తమకు తెలిసిన మాటలతో విన్నారు: ముసల్మానులకు అతడు మూసారహీము, హిందువులకు మూసారాము. ఒక్క పేరును రెండు మతములవారు రెండు విధముల తమవానిగా చేసికొన్నారు. మొహర్రములో హసన్ హుసేనులను తలచి గుండెలు బాదుకొను కేకను తెల్లసిపాయిలు 'హాబ్సన్ జాబ్సన్' అని విన్నారు; యూల్, బర్నెల్ పండితులు 1886లో ప్రకటించిన తమ నిఘంటువునకు ఆ పేరే పెట్టినారు. ఈ రెండింటిని ఒకే గాట కట్టరాదు. సిపాయి చెవిలో దుఃఖము ఎగిరిపోయి వెటకారము మిగిలినది. హైదరాబాదు చెవిలో పరాయివాడు పొరుగువాడైనాడు. వినికిడి తప్పులన్నియు ఒక్కజాతివి కావని గ్రహించుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

అయితే మన సాహిత్యచరిత్రలో ఈ విషయమునకు గల మూలకథ వేరు. అది సాతవాహనునిది. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమున సోమదేవుడు కథాసరిత్సాగరములో చెప్పిన ఆ వృత్తాంతము మనవారికి క్రొత్త గాదు. వసంతమున రాజు రాణులతో జలక్రీడ లాడుచున్నాడు. అలసిన రాణి ఒకతె సంస్కృతమున, నీళ్ళతో కొట్టవద్దు అని వేడుకొన్నది. 'మా' అనగా వద్దు. 'ఉదకైః' అనగా నీళ్ళతో. రెండును గుణసంధిచే కలిసి 'మోదకైః' ఐనది. రాజు మోదకములని విన్నాడు, కుడుములు తెప్పించినాడు. రాణి నవ్వినది. మా, ఉదక పదముల సంధి కూడ తెలియదా అని పరిహసించినది. పరివారము నవ్వినది. రాజు సిగ్గుచే క్రుంగి మంచము పట్టినాడు.

ఈ కథను మనము రాజు యొక్క అజ్ఞానమునకు ఉదాహరణముగా చెప్పుకొని విడిచిపెట్టుదుము. నాకు అది అన్యాయమని తోచును. సాతవాహనుల శాసనభాష ప్రాకృతము. హాలుని పేర వెలసిన గాథాసప్తశతి ప్రాకృతము. అట్టి కొలువున పెరిగిన రాజునకు సంస్కృతము సగము తెలిసిన భాష. సగము తెలిసిన భాషలో మనిషి ఎట్లు వినును? తనకు తెలిసిన మాట కొరకు తడవుకొనును. నీటిలో మోదకము లేల అని అతడు ఆలోచింపకపోవుట నిజమే. కాని ప్రియురాలు అలసినది, ఆకలిగొన్నదేమో అన్న తలపు ఆ తప్పులో లేదని ఎవరు చెప్పగలరు? అతడు వినినది తప్పు, తెప్పించినది తీపి. నవ్విన పరివారమున ఒక్కరికైనను ఈ సంగతి తట్టలేదు.

ఆ నవ్వునుండి ఏమి పుట్టినదో చూడుడు. వ్యాకరణము నేర్చుటకు పండ్రెండేండ్లు పట్టును, నేను ఆరేండ్లలో నేర్పెదనని గుణాఢ్యుడు అన్నాడు. ఆరు మాసములు చాలునని శర్వవర్మ పంతమాడి, కుమారస్వామి అనుగ్రహమున కాతంత్ర వ్యాకరణమును సాధించి, రాజునకు నేర్పినాడు. ఓడిన గుణాఢ్యుడు సంస్కృత ప్రాకృత దేశభాషలు మూడింటిని విడిచి, మౌనియై వింధ్యాటవి చేరి, పైశాచీభాషలో ఏడులక్షల గ్రంథముగా బృహత్కథను నెత్తుటితో వ్రాసినాడు. రాజు దానిని నిరాకరింపగా ఆరు లక్షలు మృగములకు వినిపించుచు అగ్నిలో వేసినాడు. మిగిలినది ఒక లక్ష. ఒక్క సంధి తప్పుగా విడిపోయినందున ఒక వ్యాకరణమును, ఒక మహాకథయు పుట్టినవి. చారిత్రకముగా దీనిని నమ్మనక్కరలేదు. కాని మన పూర్వులు వినికిడి తప్పును ఎంత గంభీరముగా తలచిరో ఈ కథ చెప్పుచున్నది. వ్యాకరణము సిగ్గులోనుండియు, కథ మౌనములోనుండియు పుట్టినవని చెప్పిన జాతి మనది.

అలంకారికులు సైతము ఈ చెవిపోకను విడువలేదు. ఒకరు ఒక అర్థముతో పలికినదానిని మరియొకరు శ్లేషచేతనో, కాకువుచేతనో వేరొక అర్థమున గ్రహించి బదులిచ్చుట వక్రోక్త్యలంకారమని మమ్మటుడు చెప్పినాడు. తలుపుకడ నిలిచి తాను శూలినని శివుడన్నచో, శూల యున్నచో వైద్యుని చూడుమని పార్వతి అనుటవంటి చమత్కారము. అది తెలిసి చేసిన తప్పు. సభంగశ్లేషలో అదే అక్షరములు రెండు విధముల విరిగి రెండర్థములిచ్చును. పింగళి సూరన పదునాఱవ శతాబ్దమున ఈ ఉపాయముతోనే రాఘవపాండవీయములో రామకథను, భారతకథను ఒకే పద్యములలో నడిపినాడు. పామరుడు తెలియక విఱిచినచోటనే సూరన తెలిసి విఱిచినాడు. ఇరువురకును ఆధారము ఒక్కటే: తెలుగువాక్యములో మాటకును మాటకును నడుమ గోడ లేదు. ఉత్వసంధి అచ్చును మ్రింగును. గసడదవాదేశము హల్లును మార్చును. మావిడాకులు తెమ్మన్నచో గుమ్మమునకు తోరణము. నడుమ కొంచెమాగి 'మా విడాకులు' అన్నచో కాపురమునకు ముగింపు. 1998లో ఒక చలనచిత్రము ఈ పేరుతోనే వెలువడినది.

పద్యమునకు ఒక రక్షణ కలదు. ప్రాసాక్షరము చెడినచో చెవి పట్టివేయును. ఉత్పలమాలలో పదవ యక్షరమున యతి తప్పినచో, అర్థము తెలియనివాడును ఎక్కడనో తడబడినదని గుర్తించును. గానములో ఆ కాపుదల సడలును. రాగము అచ్చును సాగదీయును, తాళము మాటను నడుమ తెంచును. త్యాగరాజు (1767–1847) తిరువయ్యారున తమిళుల నడుమ నుండి తెలుగున పాడినాడు. ఆయన కీర్తనలను ఉమయాళ్పురము, తిల్లైస్థానము, వాలాజాపేట శిష్యపరంపరలు గొంతుతో కాపాడినవి. తమిళలిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకటే అక్షరము. అందుచే పాటపుస్తకములలో ఆ అక్షరము ప్రక్క చిన్న అంకెలు వేసి భేదము చూపుదురు. ఆ అంకెను గమనింపని గాయకుని నోట గతి కతి యగును. అన్నమాచార్యుల (1408–1503) విషయము దీనికి తలక్రిందులు. రాగిరేకులపై సాహిత్యము చెక్కుచెదరక నిలిచినది, రాగము పేరును నిలిచినది. వరుస మాత్రము పోయినది. ఒకరికి గొంతు నిలిచి మాట మసకబారినది, ఒకరికి మాట నిలిచి గొంతు పోయినది. ఏది ఎక్కువ నష్టమని నన్నడిగినచో, మాట యున్నచో వరుస కట్టుకొనవచ్చునని జవాబిచ్చుటకు మనసు తొందరపడును. కాని సంగీతజ్ఞులు ఒప్పుకొనరు. వారితో వాదమునకు నేను సిద్ధముగా లేను.

ఇప్పుడు జంషెడ్‌పురమునకు మరలి వత్తును. ఒక శ్రీరామనవమికి బంధువుల పిలుపున అక్కడికి పోయియుంటిని. ఆ యింట పదేండ్ల పిల్ల ఒకతె, దానికి అయిదేండ్లు పెద్దవాడైన అన్న. ఇరువురును హిందీ, ఇంగ్లీషు చదువుదురు; తెలుగు మాటలాడుదురు, చదువలేరు. ఇది వారి తప్పు కాదు. 2000 నవంబరు 15న ఏర్పడిన ఝార్ఖండ రాష్ట్రము ద్వితీయ అధికారభాషలుగా పలుభాషలను గుర్తించినది. వానిలో తెలుగు లేదు. పిల్లలు పాటలు నేర్చునది అమ్మమ్మ నోటినుండి. మరువకుండుటకు వ్రాసికొనునది నాగరిలిపిలో. హిందీవారి నాగరిలో ఎ, ఒ లకు హ్రస్వదీర్ఘభేదము లేదు. మెడయు మేడయు ఒకటే. వెలయు వేలయు ఒకటే. కొలనును, కోలను ఒకే తీరున వ్రాయుదురు. ళకారము లిపిలో నున్నను హిందీ నోట లేదు గనుక కళయు కలయై పోవుచున్నది.

ఆ చిన్నది అమ్మమ్మ నేర్పిన జోలపాటను పాడినది. అందులో 'నెలవంక' అన్న మాట యున్నది. పిల్ల 'నేలవంక' అని పాడినది. నేను నవ్వబోయి ఆగి, "నేలవంక అంటే ఏమిటమ్మా?" అని అడిగితిని.

"అది కూడా తెలీదా తాతగారూ! పాపాయి ఉయ్యాల్లోంచి నేల వంక చూస్తున్నాడు. పడిపోతాడని వాళ్లమ్మకి భయం. అందుకే నిద్రపొమ్మంటోంది" అని చెప్పినది.

నాకు మాట తోచలేదు. జోలపాటలో చంద్రవంక ఒక అందమైన అలవాటు. అది లేని జోల అరుదు గనుకనే దానిని మనము వినము, దాటిపోవుదుము. ఈ పిల్ల విన్న పాటలో ఉయ్యాల యున్నది, ఎత్తున్నది, క్రింద గచ్చున్నది, పడునేమో అన్న తల్లి భయమున్నది. 'వంక' అన్న మాటకు 'వైపు' అను అర్థము కలదని దానికి తెలియును. ఆ తెలివియే తప్పునకు కారణము. తెలుగు రానివారికి ఈ తప్పు రాదు.

తరువాత అన్న పాడినాడు. త్యాగరాజు కీర్తన. చేతిఫోనులో ఒక విద్వాంసుని పాట విని, ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొని సాధన చేసినాడు. శ్రుతి చెదరలేదు, ణకారము, ళకారము, మహాప్రాణములు అన్నియు స్ఫటికమువలె పలికినవి. ఒక్క తప్పు లేదు. కూర్చున్నవారందరును మెచ్చినారు, నేనును మెచ్చితిని. నడుమ వచ్చిన ఒక మాటకు అర్థమేమని అడిగితిని. వాడు వినయముగా, "అర్థం తెలీదండీ. అది పాట కదండీ" అన్నాడు.

ఆనాడు సభలో మెప్పు అన్నకును, దిద్దుబాటు చెల్లెలికిని దక్కినవి. విమర్శకుడు చేయవలసిన తీర్పు దీనికి విరుద్ధమని నా మతము. తప్పు వినుచున్నంతకాలము ఆ చెవిలో తెలుగు బ్రదికియున్నది. అక్షరములు అద్దమువలె దిగి, అడుగున అర్థము కొరకు వెదకులాట లేనప్పుడు, వినబడుచున్నది తెలుగు ధ్వని, తెలుగు కాదు. దూరదేశముల తెలుగుసభలలో దోషరహితముగా పాడు బాలబాలికలను చూచి మనము పొందు ఆనందములో ఈ సంశయమునకు కొంత చోటీయవలెను. వేదమును కాపాడుటకు మనవారు పదపాఠము, క్రమపాఠము, జట, ఘన అని కట్టుదిట్టములు చేసినారు, అక్షరము చెదరలేదు. కాని అర్థము తెలియక వల్లించువాడు బరువు మోయు స్తంభమువంటివాడని యాస్కుడే తన నిరుక్తములో హెచ్చరించినాడు.

అట్లయినచో తప్పులన్నియు ఒప్పులా అని అడుగువారుందురు. కావు. జోలపాటనుండి నెలవంక పోయినచో అది నష్టమే; ఆ పిల్ల మనుమరాండ్రకు నేల మాత్రమే దక్కి, ఆకాశము దక్కదు. కర్మాగారములో 'చాలు' చాలూ ఐనచో అందులో కవిత్వమేమియు లేదు. హాబ్సన్ జాబ్సన్ అన్న సిపాయిని నేను సమర్థింపను; వానికి ఎదుటివాని శోకములో అర్థ మున్నదన్న తలంపే లేదు. నేను కోరునది తారతమ్యము. అర్థము కొరకు తడవి తప్పినవానిని, అర్థము నక్కరలేదని తప్పించుకొన్నవానిని ఒకే కొలతతో కొలువవద్దు. మొదటివానికి కావలసినది ఒక ఏత్వము, ఒక ఎత్వము తెలుపు పాఠము. రెండవవానికి కావలసినది మరింత కష్టమైనది. దానికి పాఠశాలయందును తేలికయైన ఉపాయము లేదు.

పాట ముగిసిన పిదప పిల్ల పాటపుస్తకము వెనుకపుటపై తెలుగులో రెండు మాటలు వ్రాసి చూపితిని. పైనున్న గుర్తులోని భేదమును అది వెంటనే పట్టినది. నెల యనగా చంద్రుడని చెప్పగా కొంతసేపు ఊరకుండి, "అయితే పాపాయి ఎటు చూస్తున్నట్టు?" అని అమ్మమ్మ నడిగినది. ఆమె వంటయింటిలోనుండి, "మా అమ్మ ఎలా పాడిందో నేనూ అలాగే పాడేను తల్లీ, ఎటు చూసేడో నేనెప్పుడూ అడగలేదు" అన్నది. అన్న ఈ మాటలు వినుచు ప్రక్కనే నిలిచియున్నాడు. తన కీర్తన వ్రాసికొన్న కాగితమును తెచ్చి, నేనడిగిన మాటమీద వ్రేలుంచి, దానిని ఎక్కడ విఱువవలెనో చెప్పుమన్నాడు. ఇంగ్లీషు అక్షరములలో అది పదునాలుగు అక్షరముల గొలుసు. రెండు విధముల విఱిచి చూచితిని. రెండును పొసగినట్లే తోచినవి. ఇంటికి పోయి పుస్తకము చూచి వ్రాయుదునని వానికి చెప్పివచ్చితిని.